డీవీడీ రైట్ చేయడానికి ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్? నీరో కొనాలా, ఉచితంగా దొరికేవి సరిపోతాయా?

విశాఖలో ఇప్పటికీ డిస్కు రైట్ చేయాల్సిన అవసరం పడేవాళ్లు తక్కువేం కాదు. జిల్లా కోర్టులో సీసీటీవీ ఫుటేజీ దాఖలు చేసే లాయర్ల ఆఫీసులున్నాయి. సీటీ, ఎమ్మారై సీడీకి ఇంకో కాపీ తీసి హైదరాబాద్ డాక్టరుకు చూపించాలనుకునే కుటుంబాలున్నాయి. పాత పెళ్లి క్యాసెట్లను డిజిటల్ చేయించుకుని, పెన్‌డ్రైవ్ ఇచ్చినా సరే, "డీవీడీ కూడా ఒకటి చేసి పెట్టు బాబూ" అనే పెద్దవాళ్లున్నారు. సీడీ ప్లేయర్ తప్ప ఇంకేమీ లేని పాత కార్లు బీచ్ రోడ్డు మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. నేను స్టూడియో ఎడిటింగ్ పనిలో ఉన్నాను కాబట్టి ఈ నాలుగు రకాల వాళ్లూ నన్ను అడిగే మాట ఒకటే: "అన్నా, నీరో ఎక్కడ దొరుకుతుంది?"

నీరో అక్కర్లేదనే చెబుతాను. ఎందుకు అక్కర్లేదో, దాని బదులు ఏది పెట్టుకోవాలో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మిగతా సాఫ్ట్‌వేర్లను ఎంచుకునే లెక్క ఇక్కడ పనికిరాదు. మామూలుగా ఏదైనా ప్రోగ్రామ్‌కు పదేళ్లుగా కొత్త వెర్షన్ రాలేదంటే దాని జోలికి వెళ్లం. డిస్కు రైటింగ్‌లో అలా కాదు. సీడీ, డీవీడీల మీద డేటా ఎలా రాయాలన్న నియమాలు ఎప్పుడో స్థిరపడ్డాయి, ఆ తర్వాత మారలేదు. ఆ నియమాలను సరిగ్గా అమలు చేసి, అక్కడితో ఆగిన ప్రోగ్రామ్ ఈరోజు కూడా అంతే బాగా పనిచేస్తుంది. కొత్తదా పాతదా అని కాకుండా రెండు విషయాలు చూడండి. మీ డిస్కును ఎవరు, ఏ మెషీన్‌లో తెరుస్తారు? రాయడం అయ్యాక ఆ సాఫ్ట్‌వేర్ డిస్కును మళ్లీ చదివి సరిచూస్తుందా?

నీరో కాలం నుంచి ఇక్కడిదాకా

ఖాళీ సీడీ మీద మనమే రాసుకునే సీడీ-ఆర్‌కు ప్రమాణం 1990లో వచ్చింది. ఇళ్లలోని కంప్యూటర్లకు రైటర్ డ్రైవ్‌లు చేరేసరికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఆ రోజుల్లో అసలు సమస్య ఒక్కటే. డ్రైవ్ ఒకసారి రాయడం మొదలుపెడితే మధ్యలో ఆగకూడదు. 1ఎక్స్ వేగం అంటే సెకనుకు 150 కిలోబైట్లు. హార్డ్ డిస్క్ నుంచి ఆ డేటా అదే వేగంతో అందుతూ ఉండాలి. కంప్యూటర్ ఒక్క క్షణం వేరే పనిలో పడి డ్రైవ్‌లోని బఫర్ (డేటా కాసేపు నిలిచే చిన్న మెమరీ) ఖాళీ అయిందా, లేజర్ ఆగిపోయేది, ఆ సీడీ ఇక పనికిరాదు. అందుకే స్క్రీన్‌సేవర్ ఆపేసి, మౌస్ కూడా ముట్టుకోకుండా కూర్చునేవారు. బఫర్‌ను నింపి ఉంచడంలో ఏది నమ్మకంగా ఉంటే అదే అప్పట్లో మంచి సాఫ్ట్‌వేర్. 1997లో జర్మనీకి చెందిన అహెడ్ కంపెనీ తెచ్చిన నీరో బర్నింగ్ రోమ్, అడాప్టెక్ వారి ఈజీ సీడీ క్రియేటర్ ఆ నమ్మకం మీదే పేరు తెచ్చుకున్నాయి. యూనిక్స్ వైపు యోర్గ్ షిల్లింగ్ రాసిన సీడీరికార్డ్ అదే పనిని కమాండ్ లైన్‌లో చేసేది.

2000లో సాన్యో కంపెనీ బర్న్-ప్రూఫ్ అనే పద్ధతి తెచ్చింది. బఫర్ ఖాళీ అయితే డ్రైవ్ ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని, డేటా రాగానే అక్కడి నుంచే కొనసాగిస్తుంది. కొద్ది కాలంలోనే మిగతా కంపెనీలు కూడా తమ తమ పేర్లతో ఇలాంటివే తెచ్చాయి. ఈ రంగంలో అతి పెద్ద మలుపు ఇదేనని నా అభిప్రాయం. సాఫ్ట్‌వేర్ నెత్తిన ఉన్న కష్టమైన పని డ్రైవ్ నెత్తికెక్కింది. ఇక కొత్త వెర్షన్ అమ్మాలంటే కంపెనీలకు కొత్త కారణం కావాలి. అలా నీరోలోకి వీడియో ఎడిటింగ్, ఫొటో ఆల్బమ్‌లు, టీవీ రికార్డింగ్ అన్నీ వచ్చి చేరాయి. మనకు కావాల్సింది రెండు క్లిక్కుల పని, ఇన్‌స్టాల్ అయ్యేది డజను ప్రోగ్రాములు.

రెండో పెద్ద పేరు ఈజీ సీడీ క్రియేటర్, దాని కథ ఇంకా పొడుగు. కోరెల్ కంపెనీ దగ్గరున్న సీడీ క్రియేటర్‌ను 1996లో అడాప్టెక్ కొన్నది. అడాప్టెక్ నుంచి 2001లో రాక్సియో విడిపోయింది. 2004లో ఆ సాఫ్ట్‌వేర్ సోనిక్ సొల్యూషన్స్ చేతికి, అక్కడి నుంచి రోవీకి వెళ్లి, 2012లో రాక్సియో తిరిగి కోరెల్ దగ్గరికే చేరింది. ఇన్ని చేతులు మారినా డిస్కు మీద రాసే పద్ధతి మాత్రం మారలేదు.

ఈలోగా మైక్రోసాఫ్ట్ 2001లో విండోస్ ఎక్స్‌పీలోనే సీడీ రైటింగ్ పెట్టేసింది, అదీ రాక్సియో నుంచి లైసెన్స్ తీసుకున్న కోడ్‌తో. విస్టాలో డీవీడీ చేరింది. విండోస్ 7లో ఐఎస్ఓ ఫైలును (మొత్తం డిస్కును ఒకే ఫైలుగా దాచిన ఇమేజ్) నేరుగా డిస్కుకు ఎక్కించే చిన్న ప్రోగ్రామ్ వచ్చింది. డబ్బు పెట్టి కొనాల్సిన కారణం చాలామందికి అక్కడితో పోయింది. మిగిలిన లోటును ఉచిత ప్రోగ్రాములు పూడ్చాయి. వాటిలో ముఖ్యమైనది ఐఎంజీబర్న్. డీవీడీ డిక్రిప్టర్ అనే ప్రోగ్రామ్ 2005లో ఆగిపోయాక, దాన్ని రాసినతనే డీవీడీల కాపీ రక్షణ తాళం తీసే భాగాన్ని వదిలేసి, రాసే భాగాన్ని మాత్రం ఇలా పెంచాడు. దాని చివరి వెర్షన్ 2.5.8.0, 2013లో వచ్చింది. నా పని కంప్యూటర్‌లో ఇప్పటికీ అదే ఉంది.

విండోస్‌లో ఉన్నది ఎంతవరకు చాలు?

ఖాళీ డిస్కు పెట్టి ఫైళ్లు లాగి వదిలితే విండోస్ ఒక చిన్న పెట్టె చూపిస్తుంది. డిస్కును ఎలా వాడతారని అడుగుతుంది. పైన "యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగా", కింద "సీడీ/డీవీడీ ప్లేయర్‌తో". పైనున్నది ముందే ఎంపికై ఉంటుంది. చాలామంది చదవకుండా నెక్స్ట్ నొక్కేస్తారు. ఆ పైది లైవ్ ఫైల్ సిస్టమ్ పద్ధతి. ఒకప్పుడు రాక్సియో వాళ్ల డైరెక్ట్‌సీడీ, నీరో వాళ్ల ఇన్‌సీడీ ఇలాగే డిస్కును ఫ్లాపీలాగా వాడనిచ్చేవి, అప్పుడూ అవి తెచ్చిన తలనొప్పులు ఎక్కువే. ఇలా రాసిన డిస్కు మీ కంప్యూటర్‌లో చక్కగా తెరుచుకుంటుంది. కారు స్టీరియోలో పాడకపోవచ్చు, డీవీడీ ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. డిస్కు వేరేవాళ్ల చేతికి ఇచ్చేదైతే ఎప్పుడూ కిందిదే ఎంచుకోండి. అది అన్ని ఫైళ్లనూ ఒకేసారి రాస్తుంది.

కింది పద్ధతి ఎంచుకున్నా ఒక లోటు ఉంది. ఫైళ్లు రాసే ఈ విజార్డులో, రాశాక సరిచూసే వీలు లేదు. పని అయిపోయిందని చెప్పి ట్రే తెరుస్తుంది, అంతే. ఐఎస్ఓ ఫైళ్లు ఎక్కించే ప్రోగ్రామ్‌లో మాత్రం సరిచూడమని టిక్కు పెట్టే గడి ఉంది. అందుకని పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు, నాలుగు ఫొటోలు ఎవరికైనా ఇవ్వాలంటే విండోస్ చాలు. పోతే మళ్లీ రాయొచ్చు. పోతే మళ్లీ దొరకనివి మాత్రం దాంతో రాయకండి.

ఈ సరిచూడటం గురించి ఎందుకింత పట్టుబడుతున్నానంటే, రాసేటప్పుడు ఏ తప్పూ చూపించని డిస్కు చదివేటప్పుడు మొరాయించడం ఈ పనిలో మామూలే. ఖాళీ డిస్కులో లోపం ఉన్నా, లెన్సు మీద దుమ్మున్నా రాసే లేజర్‌కు తెలియదు. తిరిగి చదివితేనే తెలుస్తుంది. పెళ్లి క్యాసెట్ డిజిటల్ చేయించుకునేవాళ్లకు అందులో ఇప్పుడు లేని తాతగారి గొంతు ఉంటుంది, అమ్మమ్మ మంగళహారతి పాట ఉంటుంది. క్యాసెట్ మీద టేపు అప్పటికే బూజు పట్టి, ఇంకోసారి ఆడించే స్థితిలో ఉండదు. అలాంటిది సరిచూడకుండా కవర్లో పెట్టి ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

ఐఎంజీబర్న్, సీడీబర్నర్ఎక్స్‌పీ, బర్న్‌అవేర్

విండోస్‌లో ఎంపిక నిజానికి ఈ మూడింటి మధ్యే.

ఐఎంజీబర్న్ తెరవగానే ఆరు బొమ్మలు కనిపిస్తాయి. ఫైళ్లను డిస్కుకు రాయడం, ఇమేజ్‌ను డిస్కుకు రాయడం, డిస్కు నుంచి ఇమేజ్ తీయడం, డిస్కును సరిచూడటం, ఇలా ఒక్కో పనికి ఒక్కటి. రంగులు, హంగులు లేవు. సీడీ నుంచి బ్లూ-రే దాకా అన్నీ రాస్తుంది. వెరిఫై టిక్కు పెట్టి ఉంటే రాయడం పూర్తయ్యాక ట్రేను ఒకసారి బయటికి తెచ్చి, మళ్లీ లోపలికి లాగి, మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది. డ్రైవ్ తన జ్ఞాపకంలో మిగిలిన డేటాను కాకుండా నిజంగా డిస్కునే చదవాలని ఆ ఏర్పాటు. లాప్‌టాప్ తరహా సన్న డ్రైవ్‌లలో ట్రే దానంతటది లోపలికి వెళ్లదు కాబట్టి చేత్తో తోసి ఓకే నొక్కాలి. ఇది తెలియక చాలామంది ట్రే బయటికి రాగానే పని అయిపోయిందనుకుని డిస్కు తీసేసుకుంటారు. అంతా సరిగ్గా ఉంటే చివర్లో ఒక చిన్న ట్యూన్ వినిపిస్తుంది. అది వినిపించేదాకా ఆగండి.

దీనిలో నాకు బాగా నచ్చేది కుడివైపు కనిపించే డిస్కు వివరాలు. కవర్ మీద ఏ బ్రాండ్ పేరున్నా, లోపలి డిస్కును నిజంగా తయారుచేసిందెవరో అక్కడుండే తయారీదారు కోడ్ చెబుతుంది. ఎంబీఐ అని మొదలైతే మోజర్ బేర్ డిస్కు. మన దేశంలో ఖాళీ డిస్కులకు అంత పేరున్న ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌లోకి వెళ్లింది. అంటే ఆ కోడ్ కనిపించిందంటే ఏళ్ల తరబడి ఏదో గోడౌన్‌లో ఉన్న సరుకు మీ చేతికొచ్చిందన్నమాట. మన సముద్రపు గాలిలో అన్నేళ్లున్న ఖాళీ డిస్కును నేను ముఖ్యమైన పనికి వాడను.

ఐఎంజీబర్న్‌తో ఇబ్బంది ఏమిటంటే, కొత్తవాళ్లకు సెట్టింగులు చూస్తే టెన్షన్ వస్తుంది. లాగ్ విండోలో వచ్చే లైన్లు కూడా అంతే. వారానికో పదిరోజులకో ఒక డిస్కు రాసే ఇంట్లో, ఆఫీసులో సీడీబర్నర్ఎక్స్‌పీ మేలు. పైన మీ ఫైళ్లు, కింద డిస్కు, లాగి వదలడమే. సరిచూసే వీలుంది, ఆడియో సీడీలు చేస్తుంది, ఐఎస్ఓ రాస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ అనే సహాయక సాఫ్ట్‌వేర్ ఉండాలి, అది ఇప్పటి విండోస్‌లో ఎలాగూ ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, దీన్ని వ్యాపార సంస్థలు కూడా ఉచితంగా వాడుకోవచ్చని వాళ్లే స్పష్టంగా చెప్పారు. స్టూడియోలు, జెరాక్స్ సెంటర్లు, లాయర్ల ఆఫీసులకు ఇది చిన్న విషయం కాదు. బర్న్‌అవేర్ చూడటానికి మూడింటిలో నీటుగా ఉంటుంది, మెనూలు సులభం. అయితే ఉచిత ఎడిషన్ ఇంటి వాడకానికే, డిస్కు నుంచి డిస్కుకు నేరుగా కాపీ చేయడం లాంటివి డబ్బు కట్టిన ఎడిషన్లలోనే.

ఆషాంపూ బర్నింగ్ స్టూడియో ఉచిత వెర్షన్ కూడా పని చేస్తుంది, కానీ ఈమెయిల్ ఇచ్చి కీ తెప్పించుకోవాలి. ఇన్‌ఫ్రారికార్డర్ ఓపెన్ సోర్స్, కానీ పై మూడింటికి మించి ఇచ్చేదేమీ లేదు. క్లోన్‌సీడీ, ఆల్కహాల్ 120% లాంటివి కాపీ రక్షణ ఉన్న పాత గేమ్ సీడీల కోసం పేరు పొందినవి. మీకు వాటితో పని లేదు. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఏ సెక్షన్ ప్రకారం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి రక్షణను ఛేదించడం నేరం కూడా.

లినక్స్ వాడేవాళ్లకు నా సలహా ఒక్క ముక్కలో కే3బీ. కేడీఈ అనే డెస్క్‌టాప్ కోసం పుట్టినా మిగతా డెస్క్‌టాప్‌లలో కూడా నడుస్తుంది, సరిచూసే టిక్కు రాసే కిటికీలోనే ఎదురుగా ఉంటుంది. బ్రసేరో, ఎక్స్‌ఎఫ్‌బర్న్ దానికన్నా తేలిక, చిన్న పనులకు చాలు. మ్యాక్‌లో ఫైండర్ తనే రాసి తనే సరిచూస్తుంది.

పనిని బట్టి ఏది?

కోర్టు పని ముందు చెబుతాను, ఎందుకంటే ఇక్కడ సాఫ్ట్‌వేర్ తప్పు ఎంచుకుంటే నష్టపోయేది కక్షిదారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇదివరకటి సాక్ష్య చట్టంలోని 65బీ సర్టిఫికెట్ స్థానంలో వచ్చినదే ఇది. ఆ ఫారంలో ఫైలు హ్యాష్ విలువ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే, వేలిముద్రలాంటి సంఖ్య) రాయాలి. ఒక్క బిట్ మారినా హ్యాష్ మారిపోతుంది. అందుకని సీడీ-ఆర్ లేదా డీవీడీ-ఆర్ వాడండి, చెరిపి మళ్లీ రాసే ఆర్‌డబ్ల్యూ డిస్కు వద్దు. సీడీబర్నర్ఎక్స్‌పీతో గానీ ఐఎంజీబర్న్‌తో గానీ ఒకేసారి రాసి, డిస్కును ఫైనలైజ్ చేసి (అంటే ఇక ఏమీ చేర్చలేకుండా మూసేసి), సరిచూడండి. రాయకముందు అసలు ఫైలుకు, రాశాక డిస్కులోని ఫైలుకు హ్యాష్ తీసి రెండూ ఒకటేనని చూసుకోండి. విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ కమాండ్‌తో తీయొచ్చు. అది కష్టమనిపిస్తే 7-జిప్ పెట్టుకుంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేయగానే ఎస్‌హెచ్ఏ-256 అనే హ్యాష్ మెనూలో దొరుకుతుంది. సర్టిఫికెట్‌లో ఏం రాయాలన్నది మాత్రం మీ లాయరుగారినే అడగండి.

సీసీటీవీ ఫుటేజీ ఒక్క ఫైలే 4 జీబీ దాటే సందర్భాలుంటాయి. డిస్కులో ఫైళ్లను అమర్చే పాత ఐఎస్ఓ 9660 పద్ధతిలో అంత పెద్ద ఫైలు మామూలుగా పట్టదు. సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ సిస్టమ్ యూడీఎఫ్ అని మార్చాలి. 4.7 జీబీ అని రాసి ఉన్న డీవీడీ విండోస్ లెక్కలో సుమారు 4.38 జీబీయే అని కూడా గుర్తుంచుకోండి. ఒక్కోసారి ఆ కొద్ది తేడా దగ్గరే పని ఆగిపోతుంది.

స్కాన్ సీడీల సంగతి వేరు. ఆసుపత్రి ఇచ్చిన సీడీలో డైకామ్‌డీఐఆర్ అనే ఫైలు, దాని పక్కన ఫోల్డర్లు, చాలాసార్లు బొమ్మలు చూపించే వ్యూయర్ కూడా ఉంటాయి. ఏ బొమ్మ ఎక్కడుందో ఆ ఫైలుకే తెలుసు. "అనవసరమైనవి" అనుకుని కొన్ని ఫోల్డర్లు తీసేసినా, పేర్లు మార్చినా అవతలి డాక్టరు కంప్యూటర్‌లో స్కాన్ తెరుచుకోదు. ఫైళ్లు విడిగా కాపీ చేయకండి. ఐఎంజీబర్న్‌లో డిస్కు నుంచి ఇమేజ్ తీసి, ఆ ఇమేజ్‌నే కొత్త సీడీకి రాయండి. ఆ ఐఎస్ఓ ఫైలును ఇంట్లో దాచుకుంటే మళ్లీ ఎన్ని కాపీలైనా తీయొచ్చు. ఈ పనికి ఐఎంజీబర్న్‌ను మించినది నేను చూడలేదు.

పాటల సీడీలో ముందు తేల్చుకోవాల్సింది మీ ప్లేయర్ ఎంపీ3 చదువుతుందా లేదా అని. చదివితే డేటా సీడీగా, ఐఎస్ఓ 9660తో పాటు దానికి పొడవు పేర్లు చేర్చే జోలియట్ పద్ధతిలో రాయండి. యూడీఎఫ్ వద్దు, చాలా కారు స్టీరియోలు దాన్ని గుర్తించవు. చదవకపోతే ఆడియో సీడీ చేయాలి, 80 నిమిషాలకు మించి పట్టదు. కచేరీ రికార్డింగ్ అయితే ఒక జాగ్రత్త ఉంది. రాగం, తానం, పల్లవి వేర్వేరు ట్రాకులుగా ఉంటే వాటి మధ్య 2 సెకన్ల నిశ్శబ్దం చొచ్చుకొస్తుంది, వినేవాళ్లకు ప్రాణం ఉసూరుమంటుంది. సీడీబర్నర్ఎక్స్‌పీలో ట్రాకుల మధ్య ఖాళీ లేకుండా రాసే వీలుంది. అన్నమయ్య కీర్తనలు విడివిడిగా ఉన్నవైతే ఆ ఖాళీ ఉన్నా పర్వాలేదు.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టుకునేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. జోలియట్ పద్ధతి తెలుగు లిపిని దాచుకోగలదు, కానీ పేరుకు 64 గుర్తులే ఇస్తుంది. మన కంటికి రెండక్షరాలుగా కనిపించే "లక్ష్మి" కంప్యూటర్ లెక్కలో ఏడు గుర్తులు. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. "లక్ష్మీ సత్యనారాయణ వివాహ మహోత్సవం, సింహాచలం, రెండో భాగం" అని పేరు పెడితేనే 55 గుర్తులు, ఇంకో రెండు మూడు మాటలు చేరిస్తే 64 దాటిపోతుంది, సాఫ్ట్‌వేర్ పేరును మధ్యలో నరికేస్తుంది. ఐఎంజీబర్న్ అయితే పేరు పెద్దదైందని ముందే చెప్పి కొత్త పేరు చూపిస్తుంది. యూడీఎఫ్‌లో ఈ ఇరుకు లేదు, కానీ పాత ప్లేయర్లతో చిక్కు. నేను ఫోల్డర్ పేరు పొట్టిగా పెట్టి, పూర్తి వివరం లోపల ఒక టెక్స్ట్ ఫైలులో రాస్తాను. కారు స్టీరియో కోసమైతే ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి, చాలా వాటి తెర తెలుగును చూపించలేదు.

పెళ్లి వీడియో టీవీ పక్కనున్న డీవీడీ ప్లేయర్‌లో ఆడాలంటే ఎంపీ4 ఫైలును డిస్కులో పడేస్తే కుదరదు. వీడియో_టీఎస్ ఫోల్డర్‌తో కూడిన డీవీడీ-వీడియో తయారుచేయాలి, అది రైటింగ్ కన్నా ముందు జరిగే పని. ఒకప్పుడు దీనికి నీరోలో ఒక భాగం, విస్టా, విండోస్ 7లలో డీవీడీ మేకర్ ఉండేవి. విండోస్ 8 నుంచి డీవీడీ మేకర్ తీసేశారు. ఇప్పుడు ఓపెన్ సోర్స్‌లో దొరికే డీవీడీస్టైలర్ ఈ పని చక్కగా చేస్తుంది, మెనూలో మీ ఫొటో పెట్టుకోవచ్చు. దానితో ఐఎస్ఓ తయారుచేసి, ఐఎంజీబర్న్‌తో రాసి, సరిచూడటం నేను పాటించే పద్ధతి. మన దగ్గర టీవీ ప్రమాణం పాల్, అంటే 720×576, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపే కాపీ అయితే మొదట్లోనే అక్కడి ప్రమాణమైన ఎన్‌టీఎస్‌సీ ఎంచుకోండి, అక్కడి ప్లేయర్లు చాలావరకు పాల్‌ను ఆడించవు. ఒక్క డిస్కుకు 2 గంటల వీడియో దాకా బొమ్మ బాగుంటుంది. మూడు గంటల పెళ్లిని ఒకే డీవీడీలో ఇరికించమంటే ముఖాలు మసకబారతాయి, రెండు డిస్కులు చేయించుకోండి.

ఇక ఏళ్ల తరబడి దాచుకునే ఫొటోలు, పత్రాలు. 25 జీబీ బ్లూ-రే రైటర్ ఉన్నవాళ్లు ఐఎంజీబర్న్‌తోనే రాసుకోవచ్చు. అయితే సోనీ 2025 ఫిబ్రవరిలో ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేసింది, మున్ముందు ఇవి దొరకడం కష్టమవుతుంది. డిస్కు ఒక్కదాన్నే నమ్ముకోకండి, హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ ఉండాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు కిటికీల అద్దాలు పగిలి వాన ఇళ్లలోకే కొట్టింది. ఆ ఊళ్లో ఉన్నవాళ్లకు రెండో కాపీ వేరే ఇంట్లో ఎందుకుండాలో చెప్పక్కర్లేదు. డిస్కులను పెట్టెలో నిలువుగా, ఎండ తగలని పొడి అల్మరాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. మీద కాగితం స్టిక్కర్లు అంటించకండి, డిస్కుల కోసం దొరికే మార్కర్‌తో రాయండి.

నీరో ఎవరికి?

డబ్బు పెట్టి నీరో గానీ రాక్సియో గానీ కొనడం వృథా అని నేననను. వీడియో ఎడిటింగ్, మెనూలు, రైటింగ్ అన్నీ ఒకే కిటికీలో కావాలి, ఏదైనా తేడా వస్తే అడగడానికి కంపెనీ ఒకటి ఉండాలి అనుకునేవాళ్లకు అవి పనికొస్తాయి. బ్లూ-రేలో మెనూతో సినిమాలా ఆడే డిస్కు చేయాలన్నా ఉచిత ప్రోగ్రాములతో చాలా కుస్తీ పట్టాలి, అక్కడ డబ్బు పెట్టడంలో అర్థముంది. ఫైళ్లు రాయడం, కాపీ తీయడం, సరిచూడటం మాత్రమే మీ పనైతే ఆ డబ్బుతో మంచి రకం ఖాళీ డిస్కులు కొనుక్కోండి. ఎవరో ఇచ్చిన క్రాక్ చేసిన నీరో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. ఉచితంగా ఇంత మంచివి దొరుకుతున్నప్పుడు కంప్యూటర్‌లోకి వైరస్‌ను పిలిచి కూర్చోబెట్టాల్సిన అవసరం ఏముంది?

ఉచితమైనవాటిలో కూడా డౌన్‌లోడ్ దగ్గర జాగ్రత్త కావాలి. ఐఎంజీబర్న్, సీడీబర్నర్ఎక్స్‌పీ రెండింటి ఇన్‌స్టాలర్లతో అక్కర్లేని ప్రోగ్రాములు కలిపి ఇచ్చిన చరిత్ర ఉంది. ప్రతి పేజీ చదివి, అదనపు వాటి టిక్కులు తీసేస్తూ వెళ్లండి. సీడీబర్నర్ఎక్స్‌పీకి అలాంటివేమీ లేని ఇన్‌స్టాలర్, ఇన్‌స్టాల్ అక్కర్లేని పోర్టబుల్ రకం వాళ్ల సైట్‌లోనే మిగతా డౌన్‌లోడ్‌ల కింద ఉంటాయి, అవే తీసుకోండి.

రాసేటప్పుడు డీవీడీని 16ఎక్స్‌లో కాకుండా 8ఎక్స్‌లో పెట్టండి. రాయడానికి ఎనిమిది నిమిషాలు, సరిచూడటానికి ఇంచుమించు అంతే పడుతుంది. కొత్త లాప్‌టాప్‌లకు డ్రైవ్ ఉండదు కాబట్టి బయటి యూఎస్‌బీ రైటర్ కొంటే దాన్ని హబ్‌కు కాకుండా లాప్‌టాప్ పోర్టుకే నేరుగా గుచ్చండి, రాసేటప్పుడు దానికి కరెంటు ఎక్కువ కావాలి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద పెట్టాకే మొదలుపెట్టండి. బర్న్-ప్రూఫ్ ఖాళీ అయిన బఫర్‌ను కాపాడుతుంది గానీ కరెంటు పోతే డిస్కును కాపాడలేదు.